ఒకే పొయ్యి, ఒకే సీసా

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. వాళ్లు ఏం వినాలనుకుంటున్నారో నాకు తెలుసు. ఎక్కడా తగ్గని రోగం నా గోలీలతో తగ్గిందనీ, పెద్ద దవాఖానల వాళ్లు ముక్కున వేలేసుకున్నారనీ చెప్పాలి. అలాంటి ముచ్చట్లు నా దగ్గరా ఉన్నాయి, పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి బాగుంటాయి. నాకు ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడదడలాడి, ఆ వెంటనే హమ్మయ్య అనిపించే కేసు మాత్రం ఒకటే. అందులో నా గోలీలకు దక్కిన గౌరవం అంతంత మాత్రం. అయినా అదే చెప్తాను.

అప్పుడు నేను జహీరాబాద్‌లో సర్కారు హోమియో డాక్టర్ని. రెండు గదుల డిస్పెన్సరీ. కిటికీ తెరిస్తే హైవే మీది లారీల హారన్లు, మూస్తే ఉక్కపోత. బయటి గదిలో మా కాంపౌండరు. నాకంటే పెద్దవాడు, మంచివాడు, నోరు మాత్రం ఊరుకోదు. నాకు కోపం ఎక్కువని లోకానికంతటికీ చాటింది ఆయనే. బెంచీ మీద కూర్చున్న వాళ్లకు ముందే చెప్పేవాడు: "మేడం అడిగిందానికి సీదా జవాబు చెప్పుండ్రి. కథలు చెప్తే గరమైతది." హోమియోపతి అంటేనే పేషెంటు కథ వినడం. అలాంటిది, నా కాంపౌండరే కథలు బంద్ చేయించి లోపలికి పంపేవాడు.

మాకు వచ్చే వాళ్లలో సగం మంది కడుపు మంట వాళ్లే. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాళ్లు, దాబాల్లో దొరికిన వేళకు తినే డ్రైవర్లు, చెరకు కొట్టే కూలీలు, పొద్దున లేస్తే చాయ్ మీద చాయ్ తాగే దుకాణదార్లు. పుల్లటి తేపులు, గొంతులోకి మంట, తిన్నాక కడుపు బండలా ఉండటం. ఈ మాటలు వినీ వినీ, మనిషి గుమ్మం దాటకముందే మందు పేరు నా నాలుక చివరికి వచ్చేసేది.

ఒక రోజు కోహీర్ వైపు ఊరి నుంచి ఒక కుటుంబం ఆటో నిండా వచ్చి దిగింది. ముందు ఇంటి పెద్దామె. ముతక చీర, నుదుట రూపాయంత బొట్టు ఉండేదేమో ఒకప్పుడు, ఇప్పుడు ఖాళీ. వెనుక ఇద్దరు కొడుకులు. పెద్దవాడు అల్లం, చెరకు వేస్తాడు. చిన్నవాడు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వాళ్ల వెనుక ఇద్దరు కోడళ్లు. అందరూ ఒక్కసారే నా గదిలోకి వచ్చేశారు.

"డాక్టరమ్మా, మా ఇంట్ల అందరికీ మంటనే. తిన్నా మంట, తినకున్నా మంట. దవాయి రాయి బిడ్డా" అంది పెద్దామె.

"ఒక్కొక్కరిగా రండమ్మా."

"ఒక్కొక్కలెందుకు? ఒక్క ఇంటోళ్లమే గదా."

నేను ఎంత చెప్పినా ఎవరూ బయటికి కదల్లేదు. సరే అని అందరినీ నిలబెట్టే అడిగాను. భోజనం ఎన్నింటికి అని అడిగితే అసలు సంగతి బయటపడింది. చిన్నకొడుకు షిఫ్టు నుంచి రాకుండా పెద్దకొడుకు తినడు. కొడుకులిద్దరూ తినకుండా తల్లి తినదు. అత్త తినకుండా కోడళ్లు తినరు. వాళ్లలోనూ చిన్నకోడలికి వడ్డించాక గానీ పెద్దకోడలు కూర్చోదు. షిఫ్టు ఎప్పుడు మారితే ఇల్లంతా అప్పటిదాకా ఖాళీ కడుపుతో కాచుకుంటుంది. ఆకలి చచ్చాక కారం కూర కలుపుకుని గబగబా తినేసి పడుకుంటుంది.

"ఇట్లయితే మంట రాక ఏం చేస్తుంది? ఎవరి ఆకలికి వాళ్లు తినండి" అని కసిరాను.

పెద్దామె నన్ను ఎగాదిగా చూసింది. "గట్లెట్ల తింటరమ్మా? మేమేమన్న హోటల్ల ఉన్నమా?"

మందులు మాత్రం విడివిడిగానే రాశాను. మా వైద్యంలో మనిషిని బట్టి మందు. చిరాకుపడుతూ చాయ్ మీద బతికే చిన్నకొడుక్కి నక్స్ వామికా. తేపులతో ఉబ్బిపోయే పెద్దామెకు కార్బో వెజ్. చిన్నకోడలికి పల్సటిల్లా. పెద్దకొడుక్కి ఇంకోటి. పెద్దకోడలు తలుపు దగ్గర ఒక చేత్తో మోకాలు పట్టుకుని నిలబడి ఉంది. "నీకెట్ల ఉందమ్మా?" అని అడిగితే ఆమె నోరు తెరిచేలోపే అత్త అందుకుంది: "దానికీ గంతే. అందరికున్నదే దానికీ ఉన్నది." బయట ఇంకా బోలెడు మంది కూర్చుని ఉన్నారు. నేనూ సరేనని ఒక మందు రాశాను.

సీసాల మీద కాంపౌండరు వరసలు రాసి చీటీలు అంటించాడు: అత్త, పెద్దోడు, చిన్నోడు, పెద్దకోడలు, చిన్నకోడలు. నేను ఎప్పటి పాఠం ఒప్పజెప్పాను. గోలీలు చేత్తో ముట్టుకోవద్దు, మూతలో వేసుకుని నాలుక మీద వేసుకోవాలి. వేసుకున్నాక అరగంట దాకా ఏమీ తినొద్దు. కాఫీ, పచ్చి ఉల్లిగడ్డ, అల్లం బంద్.

అంతవరకూ నోరు మెదపని పెద్దకొడుకు అప్పుడు మాట్లాడాడు. "అల్లం పండిచ్చేటోళ్లం మేడం. మా చేతులే అల్లం వాసనొస్తయి. చేతులు యాడ పెట్టుకోవాలె?"

కాంపౌండరు పకపకా నవ్వాడు. నాకూ నవ్వు ఆగలేదు.

కొన్నాళ్లకు చిన్నకొడుకు డ్యూటీకి పోతూ పోతూ ఆగాడు. మొహం తేటగా ఉంది. "మేడం, కమాల్ చేసిన్రు. అందరికీ నయమైంది. ఇంకిన్ని గోలీలు ఇయ్యుండ్రి."

"అందరికీనా?"

"అందరికీ మేడం."

నేను ఏనుగెక్కినంత సంబరపడ్డాను. దానికి కారణం ఉంది. జహీరాబాద్ సర్కారు దవాఖానలో అప్పుడు ఒక ఇంగ్లీషు మందుల డాక్టరు ఉండేవాడు. నాకంటే చిన్నవాడు, చేయి చురుకు, నోరు ఇంకా చురుకు. ఒక మీటింగులో చాయ్ తాగుతూ, అందరి ముందూ, "మేడం, మీ పిప్పర్మెంట్లు మా పిల్లలకూ రెండు పంపించండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. ఇప్పుడు ఒకే ఇంట్లో ఇంతమందికి, ఎవరి మందు వాళ్లకిచ్చి నయం చేశాను. జిల్లా మీటింగులో ఈ కేసు చదివి వినిపిస్తే ఆయన మొహం ఎట్లుంటుందో చూడాలని నాకు మహా సరదాగా ఉండేది.

చదవాలంటే వివరాలు కావాలి కదా. ఒక ఆదివారం కాంపౌండరును వెంటబెట్టుకుని ఆటోలో వాళ్ల ఊరికి బయలుదేరాను. అల్లం తవ్వే రోజులవి. వాళ్ల వాకిట్లో మట్టి అంటిన అల్లం కుప్ప, పక్కన నీళ్ల తొట్టి, ఇల్లంతా ఘాటు వాసన. పెద్దామె నన్ను చూసి పొంగిపోయింది. గోనెసంచి దులిపి మంచం మీద పరిచింది.

"మంచి యాళ్లకొచ్చినవు బిడ్డా. గోలీల యాళ్ల అయింది" అని, ఇంట్లోకి చూసి కేకేసింది. "ఓ, రాండ్రి! గోలీలు!"

కొడుకులు, చిన్నకోడలు వచ్చి వరసగా నిలబడ్డారు. పెద్దామె అటక మీది నుంచి పచ్చడి పెట్టుకునే గాజు సీసా ఒకటి దించింది. అందులో సగానికి పైగా తెల్లటి గోలీలు. చెంచా ముంచి, గుడిలో తీర్థం పోసినట్టు ఒక్కొక్కరి నోట్లో వేస్తోంది.

"ఏందమ్మా ఇది? నేనిచ్చిన సీసాలు ఏవీ?"

"అన్ని గీ పెద్ద సీసలనే పోసిన. సీసాలు కడిగి పిల్లలకిచ్చిన, ఆడుకుంటున్రు."

"అన్నీ కలిపేశావా! ఎవరి మందు వాళ్లదని చెప్పలేదా నేను?"

ఆమె ఏమాత్రం తొణకలేదు. వాకిలి మధ్యలో ఉన్న పాత మొండిగోడ వైపు చేయి చూపించింది. "గా గోడ సూడు బిడ్డా. మా మామ పోయినంక నా పెనిమిటీ, ఆయన తమ్ముడూ ఏరువడ్డరు. ఒక్కపారే గోడ లేవలే. ముందుగాల ఎవరి నూనెబుడ్డి వాళ్లు పెట్టుకున్నరు. ఎనుక ఎవరి ఉప్పు వాళ్లది. ఎనుక పొయ్యిలు ఏరైనయి. ఆఖర్న గోడ. ఇయాల నువ్వు ఎవరి సీసా వాళ్లకిస్తివి. నాకు పానం గుభిల్లుమన్నది. నేను బతికుండంగ నా ఇంట్ల ఏరు సీసాలు పెట్టనిస్తనా?"

నాకు కోపం నషాళానికి అంటింది. కాంపౌండరు వైపు తిరిగాను. ఆయన అల్లం కుప్పను ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"గా సారు కూడ చెప్పిండు గద" అంది పెద్దామె. "ఇయన్ని ఒక్కటేనా సారూ అంటే, అన్ని కడుపు మంటకేనమ్మా, ఫికర్ చేయకు అన్నడు."

"ముసలామె బెంగ పెట్టుకున్నది మేడం, జర ధైర్యానికి అన్న" అని గొణిగాడు కాంపౌండరు.

నా జిల్లా మీటింగు ప్రసంగం అక్కడే అల్లం కుప్ప పక్కన కూలిపోయింది. మరి వీళ్లకు తగ్గిందెట్లా? నెమ్మదిగా అడిగితే అర్థమైంది. గోలీలకూ అన్నానికీ అరగంట తేడా ఉండాలన్నాను కదా. దాంతో పెద్దామె గోలీలకు ఒక వేళ పెట్టింది. గోలీలకు వేళ ఉంటే అన్నానికీ వేళ ఉండాలి. చిన్నకొడుకు షిఫ్టులో ఉన్నా సరే, అతని వంతు చిన్న డబ్బాలో కట్టిచ్చి, ఇంట్లో వాళ్లు వేళకు తినడం మొదలుపెట్టారు. "హోటల్ల ఉన్నమా" అని నన్ను నిలదీసిన మనిషి, గోలీల కోసం ఇంటి ఆచారాన్నే మార్చేసింది. చాయ్ కూడా తగ్గించారట. ఇంకేం కావాలి కడుపుకు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

అప్పుడు గుర్తొచ్చింది. "పెద్దకోడలు ఏది?"

"గొడ్ల కొట్టంల ఉన్నది. దాని గోలీలు ఆఖర్న" అంది పెద్దామె. "దానికొక్కదానికే తగ్గలేదంటది. అందరికీ తగ్గిన దవాయి దానికెందుకు తగ్గదు? మొన్నటి సంది కూసుంటే లేవదు, లేస్తే కూసోదు. నాకెరికనే. ఏరు పోదామని సాకులు."

చిన్నకోడలు తల దించుకుంది. పెద్దకొడుకు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నేను కొట్టం దాకా పోలేదు, ఆమే వస్తోంది. గోడ పట్టుకుని వస్తోంది. నాలుగడుగులు వేసి ఆగింది. ఎండలో మొహం చూస్తే సున్నం కొట్టినట్టుంది. నేను ఎదురెళ్లి మంచం మీద కూర్చోబెట్టి కనురెప్ప కిందికి లాగాను. ఎరుపు లేదు. నాలుక చూశాను, గోళ్లు చూశాను. తెల్లగా, పాలిపోయి ఉన్నాయి. నాడి పిట్టలా కొట్టుకుంటోంది.

అందరినీ దూరం పొమ్మని, చెవి దగ్గర అడిగాను. "దొడ్డికి ఎట్ల పోతున్నవమ్మా? రంగెట్లున్నది?"

సిగ్గుపడింది. తర్వాత మెల్లగా అంది: "నల్లగ, మేడం. తారు లెక్క."

"ఏం గోలీలు వేసుకుంటున్నవు? నావి కాక."

"మోకాళ్లకు నొప్పుల గోలీలు. మెడికల్ దుకాణంల తెచ్చుకుంట. పొద్దుగాల ఏసుకుంటెనే అల్లం చేన్ల వంగొస్తది."

"ఏమన్నా తిని వేసుకుంటవా?"

"అందరు తిన్నంక గద మేడం తినేది."

అదీ సంగతి. ఇంటిల్లిపాదీ వేళకు తింటున్నారు, వడ్డించే మనిషి తప్ప. ఖాళీ కడుపులో ఆ నొప్పి గోలీలు పుండు చేశాయి, ఆ పుండు లోపల రక్తం కక్కుతోంది. పైకి కనిపించేది మాత్రం అందరికీ ఉన్న అదే కడుపు మంట. ఇంకో రెండు రోజులు ఆ గాజు సీసానే నమ్ముకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు.

"లే, దవాఖానకు పోవాలె. ఇప్పుడే" అన్నాను.

పెద్దామె అడ్డం వచ్చింది. "నువ్వే డాక్టరువు గద. మళ్ల దవాఖాన ఎందుకు? ఇంకిన్ని గోలీలు ఎక్కువ ఏస్త."

"అమ్మా, దీనికి నా దగ్గర మందు లేదు!" అని అరిచాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ మాట అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. "ఆమె లోపల రక్తం పోతున్నది. ఏరు పోవుడు కాదు, మనిషే పోతది!"

పెద్దకొడుకు లేచాడు. "అమ్మా, ఊకో. నేను తీస్కపోత" అన్నాడు. చేతుల మట్టి కూడా కడుక్కోకుండా భార్యను ఎత్తుకుని మేం వచ్చిన ఆటోలో కూర్చోబెట్టాడు.

దారిలో చెరకు ట్రాక్టర్లు. ఒకటి దాటితే ఇంకోటి. కాంపౌండరు ఆటోలోంచి సగం బయటికి వేలాడుతూ, "జరుగుండ్రయ్యా, జరుగుండ్రి" అని గొంతు పోయేలా అరుస్తున్నాడు. ఆమె తల నా భుజం మీద ఉంది. చెయ్యి మంచులా ఉంది. కళ్లు మూసుకునే అంది: "మేడం, నేను ఏరు పోతనని ఎన్నడు అనలే. అత్తమ్మకు చెప్పుండ్రి."

"నువ్వే చెప్పుదువులే, మాట్లాడకు" అన్నాను.

సర్కారు దవాఖానలో ఆ రోజు డ్యూటీలో ఉన్నది ఎవరో చెప్పక్కర్లేదు కదా. ఆ పిప్పర్మెంట్ల డాక్టరే. నేను గబగబా అన్నీ చెప్పేశాను. నల్లటి విరేచనం, నొప్పుల గోలీలు, నాడి. ఆయన వింటూనే సెలైన్ పెట్టించాడు, పరీక్షకు రక్తం తీయించాడు, సంగారెడ్డి పెద్ద దవాఖానకు ఫోన్ చేశాడు. మధ్యలో ఒక్కసారి తలెత్తి, "మీరేం మందు ఇచ్చారు?" అన్నాడు.

"మీరన్న పిప్పర్మెంట్లే" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మంచి టైంల తెచ్చిన్రు మేడం. నాడి చూసి వదిలేయకుండ అడిగిన్రు" అన్నాడు. అంబులెన్స్ ఎక్కేటప్పుడు తనే స్ట్రెచర్‌కు ఒక పక్క పట్టాడు.

సంగారెడ్డిలో రక్తం ఎక్కించాలన్నారు. అప్పటికి చిన్నకొడుకు తల్లినీ, తన భార్యనూ తీసుకుని వచ్చేశాడు. పెద్దామె నర్సు ముందు చెయ్యి చాపి నిలబడింది. "నాది తీయి బిడ్డా. ఎంత గావాల్నో తీయి. ఒక్క ఇంటోళ్లమే."

"గట్ల కాదమ్మా, గ్రూపు కలవాలె. ఎవరిది వాళ్లకే ఉంటది" అంది నర్సు.

పెద్దామె నా వైపు చూసింది. ఆ చూపులో అంతకు ముందున్న బింకం లేదు. చివరికి కలిసింది చిన్నకోడలి రక్తం. ఆ పిల్ల మారు మాట్లాడకుండా పోయి పడుకుంది. బయట బెంచీ మీద పెద్దామె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. కాంపౌండరు కూడా మాట్లాడలేదంటే మా పరిస్థితి అర్థం చేసుకోండి.

మర్నాడు డిస్పెన్సరీలో ఉంటే ఫోన్ మోగింది. మా సర్కారు దవాఖాన డాక్టరే. "మేడం, గొట్టం వేసి చూశారంట. పుండే. వేరే ఏం లేదు. రక్తం ఆగింది, ఆపరేషన్ అక్కర్లేదు. గోలీలతో మానుతది."

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఎదురుగా కూర్చున్న పేషెంటు తన మోకాళ్ల నొప్పి గురించి చెబుతున్నాడు. నాకు ఒక్క ముక్క వినబడలేదు. కళ్లనీళ్లు కారుతున్నాయి, నవ్వొస్తోంది. కాంపౌండరు పరుగెత్తుకొచ్చి నా మొహం చూసి, సంగతి తెలుసుకుని, పేషెంట్లందరికీ చాయ్ తెప్పించాడు. కడుపు మంట వాళ్లకు కూడా! నేను ఏమీ అనలేదు. నేనూ తాగాను.

ఆ తర్వాత నేను జిల్లా మీటింగులో ఏ కేసూ చదవలేదు. దాని బదులు, సర్కారు దవాఖాన డాక్టరు, నేను కలిసి ఒక ఒప్పందానికి వచ్చాం. నా దగ్గరికి కడుపు మంటతో వచ్చిన వాళ్లలో పాలిపోయినవాళ్లు, నల్లగా పోయేవాళ్లు, బరువు తగ్గేవాళ్లు, మింగలేనివాళ్లు ఎవరున్నా నేను చీటీ రాసి ఆయన దగ్గరికి పంపాలి. ఆయన వాళ్లను లైన్లో నిలబెట్టకుండా చూడాలి. అప్పుడప్పుడు ఆయనా కొందరిని నా దగ్గరికి పంపేవాడు. "వీళ్లకు రోగం లేదు మేడం, మాట్లాడేవాళ్లు లేరు. మీ పిప్పర్మెంట్లు ఇవ్వండి" అని చీటీ మీద రాసేవాడు. ఈసారి కోపం రాలేదు. కాంపౌండరుకు కూడా చెప్పేశాను, కథలు చెప్పేవాళ్లను ఆపొద్దని. ముఖ్యంగా ఇంట్లో ఒకరు అందరి తరఫునా మాట్లాడుతుంటే, మాట్లాడని మనిషిని ముందు లోపలికి పంపమని. పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది ఇంతే. ఏ వైద్యమైనా చేయండి, తలుపు దగ్గర నిలబడ్డ మనిషి గోళ్లు చూడటం మరిచిపోకండి.

పెద్దకోడలు ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు పెద్దామె డిస్పెన్సరీకి వచ్చింది. ఈసారి వెంట పెద్దకోడలు ఒక్కతే ఉంది. మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. నన్ను చూసి నవ్వింది. నాకు ఆమెను కావలించుకోవాలనిపించింది, కావలించుకున్నాను కూడా.

"ఇప్పుడు నాకంటె ముందే తింటది బిడ్డా" అంది పెద్దామె. "తినంది గోలీ ఏసుకోవద్దన్నరు గద. కూసోబెట్టి నేనే పెడుత. తింటుంటె సిగ్గుపడ్తది."

"మరి ఇప్పుడు నాతో ఏం పని?" అన్నాను నవ్వుతూ.

పెద్దామె కొంగు విప్పి ఒక అట్ట డబ్బా తీసింది. సంగారెడ్డి వాళ్లిచ్చిన పుండు మానే గోలీలు. అది నా బల్ల మీద పెట్టి, దాని మీద ఏమీ రాసి లేని వైపు నా వైపు తిప్పింది.

"దీని మీద రాయి. ఇది దీనిదే అని రాయి. ఎవ్వలు ముట్టద్దు. నేను కూడ ముట్టద్దు."

నేను పెన్ను తీసి, అలవాటుగా, "పెద్ద" అని మొదలుపెట్టాను.

"గట్ల కాదు" అంది పెద్దామె. "వరస రాయకు. పేరు రాయి."

అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ ఆమె పేరు నేను అడగనే లేదని. అడిగాను. ఆమె అత్త వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని చెప్పింది.

ఈ జ్ఞాపకంలో ఎవరి పేరూ రాయకూడదనుకున్నాను, కాబట్టి ఆ పేరు ఇక్కడా రాయను. ఆ డబ్బా మీద మాత్రం, చదువురాని ఆ అత్తకు కూడా వేరుగా కనబడేలా, పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.